చిన్న దేశములో ఉచిత టెలివిజను ప్రసారము: న్యూజీలాండు అనుభవము

1. విషయ నిర్దేశము

ఆకాశ తరంగముల మీద వెలువడి, ఇంటి కప్పు మీద ఒక యాంటెనా నిలుపుకొన్న ప్రతి గృహస్థునకు చందా లేకుండ అందు టెలివిజను ప్రసారమును ఈ వ్యాసమున ఉచిత ప్రసారమని వ్యవహరించుచున్నాను. ఈ పద్ధతి భవిష్యత్తు నేడు ప్రపంచమున చాల చోట్ల సందిగ్ధముగ నున్నది. పెద్ద దేశములలో ఆ సందేహము నెమ్మదిగా నడచి వచ్చుచున్నది. చిన్న దేశములలో అది గడప దాటి లోపల కూర్చున్నది.

అట్టి చిన్న దేశములలో న్యూజీలాండును పరిశీలనకు గ్రహించుటకు రెండు కారణములు కలవు. 2023వ సంవత్సరపు లెక్కల ప్రకారము అచటి జనసంఖ్య 49,93,923. ఇది 2011 లెక్కల నాటి తూర్పు గోదావరి జిల్లా జనసంఖ్య కంటె తక్కువ. ఇంత కొద్దిమంది తమ వార్తలను, తమ నాటకములను, తమ ముఖములను తామే తెర మీద చూచుకొనుటకు ఎంత శ్రమపడవలసి వచ్చునో ఆ దేశ చరిత్ర స్పష్టముగ చెప్పగలదు. ఇది మొదటి కారణము. ఆ దేశమున ఆంగ్లమను మహావృక్షము నీడలో నున్న మావోరీ భాష ఉచిత ప్రసారములో తన చోటును న్యాయస్థానముల వరకు పోయి సాధించుకొన్నది. ఇది రెండవ కారణము. స్వరాష్ట్రమునకు వెలుపల తెలుగును అల్పసంఖ్యాకుల భాషగా చదువుకొనువారికిని, చదువు చెప్పువారికిని ఈ రెండవది పరాయి విషయము కాదు.

నేను ప్రతిపాదింపదలచిన అంశము ఒక్కటే. ఉచితమను మాటకు ఇచట రెండర్థములు కలవు. వెల లేకుండుట ఒకటి. వాకిలి లేకుండుట మరియొకటి. వేసవిలో చలివేంద్రము పెట్టినవారు బాటసారి వద్ద కాసు పుచ్చుకొనరు. అతని ఊరు పేరు కూడ అడుగరు. ఉచిత ప్రసారమును గూర్చి నేడు జరుగు చర్చలన్నియు మొదటి అర్థము చుట్టును తిరుగుచున్నవి. చిన్న భాషల మనుగడకు ఆధారమైనది మాత్రము రెండవ అర్థము. దానిని లెక్కలోనికి తీసికొనక చేసిన ఏ నిర్ణయమైనను సగము నిర్ణయమే యగును.

2. పూర్వ చరిత్ర

న్యూజీలాండులో టెలివిజను ప్రసారము 1960 జూన్ 1వ తేదీన ఆక్లండు నగరమున ఆరంభమైనది. క్రైస్టుచర్చి, వెల్లింగ్టను నగరములకు 1961లోను, డునీడినుకు 1962లోను విస్తరించినది. దేశము రెండు పెద్ద ద్వీపములుగ విడివడి, నడుమ కడలియు, లోపల మంచు కొండలును కలది యగుటచేత ఈ నాలుగు కేంద్రములు చాల కాలము వేరు వేరుగనే నడచినవి. 1969 జూలైలో మానవుడు చంద్రుని మీద అడుగుపెట్టిన దృశ్యము ఆ దేశప్రజలకు తత్క్షణమే అందలేదు. సిడ్నీలో చిత్రించిన టేపును సైనిక విమానములో వెల్లింగ్టనుకు తెచ్చి చూపవలసి వచ్చినది. ఆ యేడు నవంబరులో గాని దేశమంతయు ఒకే వేళ ఒకే వార్తను చూచు భాగ్యమునకు నోచుకొనలేదు. 1973లో రంగుల ప్రసారమును, 1975లో రెండవ చానలును వచ్చినవి. 1980లో రెండు చానళ్లును టీవీఎన్‌జెడ్ అను ఒకే ప్రభుత్వ సంస్థ క్రిందికి చేరినవి.

అంతవరకు కథ సామాన్యమే. 1988 మొదలు 1991 వరకు నడచిన సంస్కరణలు ఆ దేశమును తక్కిన దేశముల నుండి వేరుచేసినవి. 1988లో టీవీఎన్‌జెడ్‌ను లాభార్జన ధ్యేయముగ గల ప్రభుత్వ వ్యాపార సంస్థగ మార్చిరి. 1989లో న్యూజీలాండ్ ఆన్ ఎయిర్ అను వేరొక సంస్థను నెలకొల్పి, ప్రజలు చెల్లించు ప్రసార రుసుమును దానికి అప్పగించి, స్వదేశ కార్యక్రమములకు ధనసహాయము చేయు పనిని దానిపై నుంచిరి. ఆ యేడు నవంబరులోనే టీవీ3 అను ప్రైవేటు చానలు మొదలైనది. 1990లో స్కై అను చందా సంస్థ వచ్చినది. 1991లో విదేశ యాజమాన్యముపై నున్న ఆంక్షలు తొలగిపోయినవి. 2000 జూలైలో ప్రజల ప్రసార రుసుమును కూడ రద్దుచేసిరి.

ఈ ఏర్పాటులో ఒక తర్కము లేకపోలేదు. సంస్థకు గాక కార్యక్రమమునకు ధనమిచ్చినచో పోటీ పెరుగును, నాణ్యము పెరుగును అని వారి యూహ. కాని దానివలన ప్రభుత్వ చానలు ప్రకటనల మీదనే బ్రతుకవలసి వచ్చినది. 2003లో ప్రజాసేవను విధించు శాసనపత్రమును టీవీఎన్‌జెడ్‌కు ఇచ్చిరి. అయినను ఖజానాకు లాభాంశము చెల్లింపవలెనను నియమమును సడలింపలేదు. ఒక చెవిలో సేవచేయుమనియు, రెండవ చెవిలో లాభము తెమ్మనియు చెప్పినచో సేవకుడు ఏ మాట వినునో ఊహింపవచ్చును. 2011లో ఆ శాసనపత్రమును తొలగించిరి. ప్రకటనలు లేక వార్తలకును చర్చలకును కేటాయింపబడిన టీవీఎన్‌జెడ్ 7 అను చానలును 2012 జూన్ 30వ తేదీన మూసివేసిరి.

విమర్శకుడు ఇచట ఒక విషయమును గుర్తింపవలెను. నేటి కష్టములన్నియు అంతర్జాలము తెచ్చినవే యను మాట పూర్తిగ నిజము కాదు. అంతర్జాలము గాలివాన వంటిది. గాలివాన అన్ని ఇండ్ల మీదను కురియును. పునాది ముందే కదలిన ఇల్లు మొదట కూలును. ఆ దేశము తన ఉచిత ప్రసారమునకు ప్రకటన ధనమను ఒకే ఒక స్తంభమును మిగిల్చి, తక్కిన స్తంభములను తన చేతులతోనే తీసివేసినది.

3. ఒక్క స్తంభము కదలినప్పుడు

ప్రసార వ్యయము స్వభావమును కొంత తెలిసికొనిన గాని తరువాతి కథ బోధపడదు. కొండ మీది ప్రసార గోపురమునకు కావలసిన విద్యుత్తు, మరమ్మతు, ఉద్యోగుల జీతము చూచువారి సంఖ్యను బట్టి మారవు. పది మంది చూచినను పది లక్షల మంది చూచినను ఖర్చు ఒక్కటే. అందుచేత చూచువారు ఎక్కువగ నున్నప్పుడు తలకు పడు ఖర్చు అత్యల్పము. వారు తగ్గిన కొలది అది పెరుగుచు పోవును. అంతర్జాల ప్రసారము దీనికి విపరీతము. అందు ఒక్కొక్క ప్రేక్షకుని చేరికతో కొంత ఖర్చు పెరుగును గాని, మొదట గోపురములు నిలుపవలసిన పని లేదు. కార్యక్రమ నిర్మాణము సంగతి వేరు. ఒక గంట నాటకమును తీయుటకు అగు వ్యయము ఏబది లక్షల జనులున్న దేశములోను ఏబది కోట్ల జనులున్న దేశములోను ఇంచుమించు సమానమే. పంచుకొను తలలు మాత్రమే తక్కువ. కావున చిన్న దేశమునకు తన రూపమును తాను చూచుకొనుట ఏనాడును లాభసాటి బేరము కాదు. అది లాభము కొరకు చేయు పనియు కాదు.

ప్రకటన ధనములో పెద్ద పాలు గూగుల్, ఫేస్‌బుక్ వంటి విదేశ సంస్థలకు తరలిపోగా ఈ సత్యము బయటపడినది. టీవీ3ని 2020లో డిస్కవరీ అను అమెరికా సంస్థ కొన్నది. ప్రభుత్వ టెలివిజనును, ప్రభుత్వ రేడియోను ఒకటిచేసి ప్రజాసేవా సంస్థగ నిర్మింపవలెనను ప్రయత్నము 2023 ఫిబ్రవరిలో విరమింపబడినది. 1977 నుండి వినియోగదారుల పక్షమున నిలిచిన ఫేర్ గో అను కార్యక్రమమును, లోతైన పరిశోధనకు పేరుపొందిన సండే అను కార్యక్రమమును 2024లో టీవీఎన్‌జెడ్ ఆపివేసినది. ఆ యేడు జూలై 5వ తేదీన టీవీ3 వార్తాశాఖయైన న్యూస్‌హబ్ మూతపడినది. ముప్పది నాలుగేండ్లకు పైగా నడచిన రెండవ జాతీయ వార్తాశాఖ అది. మరునాటి నుండి స్టఫ్ అను వార్తాసంస్థ ఆ చానలుకు సాయంకాలపు వార్తలను తయారుచేసి ఇచ్చుచున్నది. 2025 ఆగస్టులో ఆ చానలును స్కై సంస్థ ఒక్క డాలరు ధర చెల్లించి స్వీకరించినది.

ఒక్క డాలరనగా మన లెక్కలో సుమారు ఏబది రూపాయలు. జాతీయ చానలు ధర ఒక పూట కాఫీ టిఫినుకు చాలని మొత్తమాయెనని పరిహసించుట సులభము. అయినను ఆ ధర చెప్పు నీతిని సరిగ చదువవలెను. చూచువారికి ఆ చానలు విలువ లేనిదైనదని దాని యర్థము కాదు. నేటికిని లక్షలమంది ప్రతి సాయంకాలము టెలివిజను వార్తల ఎదుట కూర్చుండుచున్నారు. ప్రజలకున్న విలువను ధనముగ మార్చు యంత్రము చెడిపోయినదని మాత్రమే ఆ ధర చెప్పుచున్నది. రెండింటిని ఒకటిగ భావించుటయే నేటి వాదములలోని మొదటి దోషము.

4. మావోరీ వాణి

మావోరీ భాష ఆ దేశమున ఆంగ్లమునకు పూర్వపు భాష. ఇరువదవ శతాబ్దమున పల్లెలు విడిచి నగరములకు చేరిన మావోరీల బిడ్డలు వేగముగ దానిని కోల్పోయిరి. టెలివిజను మొదటి ఇరువది యేండ్లలో ఆ భాషకు దాదాపు చోటే లేదు. 1974లో బ్యారీ బార్క్‌లే దర్శకత్వమున, మైకేల్ కింగ్ రచనతో వచ్చిన తంగత ఫెనువ అను ఆరు భాగముల చిత్రమాల మావోరీల జీవితమును సర్వజనుల ఎదుట నిలిపిన తొలి గొప్ప ప్రయత్నముగ పరిగణింపబడుచున్నది. అందలి గుణము ఓపిక. వృద్ధులు మాటలాడునప్పుడు కెమెరా తొందరపడి ముఖము త్రిప్పుకొనదు. మాట ముగియు వరకు వేచియుండును. ప్రకటనల నడుమ నిమిషములు లెక్కించుకొను ప్రసారములో ఈ వేచియుండుటయే ఒక విలువ.

1980లో కోహా అను వారపత్రిక వంటి కార్యక్రమము ఆరంభమైనది. 1982లో మావోరీ భాషా వారోత్సవముల సందర్భమున ప్రయోగముగ మొదలై, 1983 నుండి నిత్యకార్యక్రమమైన తె కరెరె అను వార్తావాహిని ఆ భాషలో తొలి దినవార్త. ఆ పేరునకు వార్తాహరుడని అర్థము. 1987లో వచ్చిన వాకా హుయియా వృద్ధుల నోటి చరిత్రలను వారి భాషలోనే భద్రపరచుటకు పూనుకొన్నది. హుయియా పక్షి ఈకల వంటి అమూల్య వస్తువులను దాచు చెక్కడపు పెట్టెకు ఆ పేరు. ఆ పెట్టెలో నాడు దాచిన కంఠములు చాలవరకు నేడు భూమి మీద లేవు. ధ్వని మాత్రము మిగిలియున్నది. వాకా హుయియాను ఎంతమంది చూచిరను లెక్కతో తూచువారు దాని నిజమైన ప్రయోజనమును ఎన్నటికిని గ్రహింపలేరు.

ఈ చోటు ఎవరును పిలిచి ఇచ్చినది కాదు. 1986లో వైతంగి ట్రిబ్యునలు మావోరీ భాష రక్షింపవలసిన నిధియని తేల్చినది. 1987లో దానికి అధికార భాషా ప్రతిపత్తి వచ్చినది. ప్రసార ఆస్తులను వ్యాపార సంస్థకు బదిలీ చేయరాదని మావోరీ మండలి వేసిన వ్యాజ్యము లండనులోని ప్రివీ కౌన్సిలు వరకు పోయినది. 1993 డిసెంబరులో ఆ అర్జీ కొట్టివేయబడినను, భాషను కాపాడు బాధ్యత ప్రభుత్వము మీద గలదని ఆ తీర్పు స్థిరపరచినది. వ్యాజ్యము ఓడినది, సూత్రము గెలిచినది. ఆ సూత్రము ఆధారముగ 2003లో చట్టమును, 2004 మార్చి 28వ తేదీన మావోరీ టెలివిజను చానలును వచ్చినవి. నాలుగేండ్లకు అదే తేదీన పూర్తిగ మావోరీ భాషలో నడచు తె రెఓ అను రెండవ చానలు తోడైనది. 2022లో ఆ సంస్థ ఫకాఆత మావోరి యని పేరు మార్చుకొన్నది. ఆ మొదటి మాటకు ప్రతిబింబించుట యని అర్థము.

ఈ చానలు సాధించినదానిని పరీక్షించినచో ఒక విశేషము కనబడును. 2006 మొదలుకొని ఏటేట ఏప్రిల్ 25న యుద్ధమృతుల సంస్మరణ దినమును ఉదయము నుండి రాత్రి వరకు అది ప్రసారము చేసినది. అంతటి దీర్ఘ ప్రసారమునకు అంతవరకు ఏ ఆంగ్ల చానలును పూనుకొనలేదు. ఆనాడు మావోరీలు కానివారును విశేషముగ ఆ చానలు ఎదుటికి వచ్చిరి. 2011లో ఆ దేశమున జరిగిన ప్రపంచ రగ్బీ పోటీలను ఉచితముగ చూపుటలో అదియే ముందు నిలిచినది. ఆట కొరకు వచ్చినవాడు ఆటతోపాటు భాషను కూడ వినెను. భాష నేర్వవలెనని సంకల్పించి వచ్చినవాడు కాదు; మీట నొక్కగా దారిలో తగిలినది. కొందరు రెండు మాటలు పట్టుకొనిపోయిరి. కొందరు బిడ్డలను ఆ భాషా పాఠశాలకు పంపు ధైర్యము తెచ్చుకొనిరి. 2023 లెక్కలలో మావోరీ మాటలాడగలమని చెప్పినవారు 2,13,849. ఐదేండ్ల మునుపు 1,85,955. ఈ పెరుగుదల కేవలము టెలివిజను పుణ్యమనుట అతిశయోక్తి. భాషాశిశువిహారములు, పాఠశాలలు, ఉద్యమకారులు చేసిన సేవ దానికి మూలము. అయినను బడిలో నేర్చిన మాటకు వీధిలో గౌరవము కలిగించుటలో బాహాటముగ వినబడు ప్రసారమునకు గల పాత్రను ఎవరును త్రోసివేయజాలరు.

2024 చివర ఫకాఆత మావోరి కూడ ఉద్యోగులను తగ్గించినది. టెలివిజను మీద నిత్య వార్తలను ముగించి వాటిని అంతర్జాలమునకు మార్చినది. తె రెఓ చానలును కూడ తరంగముల మీది నుండి దింపి అంతర్జాలమునకే పరిమితము చేయ నిశ్చయించినది. ఇరువది యేండ్ల వ్యాజ్యము వలన వచ్చిన చోటు ఇరువది యేండ్ల ప్రసారము తరువాత కుదించుకొనుటకు ఆరంభించినదన్న మాట.

5. పూర్వపక్షము, సమాధానము

దీనికి పూర్వపక్షమున్నది, అది బలహీనమైనది కాదు. తరంగములు పోయి అంతర్జాలము వచ్చినచో నష్టమేమి? టీవీఎన్‌జెడ్‌వారి అంతర్జాల ప్రసారమునకును, మావోరీ ప్రసారమునకును చందా లేదు. యువజనులు టెలివిజనును విడిచి ఎన్నడో అటు పోయిరి. ఆస్ట్రేలియాలో స్థిరపడిన లక్షకు మించిన మావోరీలకు స్వదేశ గోపురముల తరంగములు అందవు, అంతర్జాలము అందును. నేర్చుకొనువాడు ఒక పాఠమును పదిమార్లు ఆపి ఆపి వినవచ్చును. వాకా హుయియా పెట్టె మూత ఎప్పుడైనను తెరువవచ్చును. ఈ లాభములు సత్యములు. చెదరిపోయిన జనసముదాయములకు అంతర్జాలము చేసిన మేలును కాదనుట కృతఘ్నత యగును.

అయినను ఈ వాదము ఉచితమను మాటలోని మొదటి అర్థమునకే సమాధానము చెప్పినది. వెల లేదు, నిజమే. వాకిలి మాత్రము వచ్చినది. చూడగోరువాడు మొదట తన పేరు నమోదు చేసికొనవలెను. యంత్రమును, నెలనెల అంతర్జాలమును కొనవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, తనకేమి కావలెనో తానే వెదకవలెను. వెదకనివానికి యంత్రము నిన్న చూచినదానినే నేడును చూపును. నేటి టెలివిజను పెట్టె తెరచినంతనే మొదట కనబడు బొమ్మల వరుసలో ఎవరి బొమ్మ ముందుండవలెనో నిర్ణయించువాడు ఆ పెట్టె తయారుచేసిన విదేశ వ్యాపారి. ఎక్కువ సొమ్మిచ్చినవానికి ముందు వరుస లభించును. వెనుకటి రోజులలో ఒకటవ అంకె మీట నొక్కినచో దేశపు మొదటి చానలు వచ్చెడిది. నేడు ఆ ఒకటవ అంకె అమ్మకపు వస్తువైనది.

బ్రిటను 2024లో ఒక చట్టము చేసి, స్వదేశ ప్రజాసేవా చానళ్లు తెర మీద సులభముగ కనబడవలెనని విధించినది. ఆస్ట్రేలియా కూడ అదే సంవత్సరము అట్టి చట్టమునే చేసినది. న్యూజీలాండు ప్రభుత్వము 2025 ఆరంభమున ఇటువంటి ప్రతిపాదనను ప్రజాభిప్రాయమునకు పెట్టినది. మొదటి వరుసలో కనబడుట ఒక చిన్న సాంకేతిక విషయముగ తోచవచ్చును. చిన్న భాషకు అది ఊరి నడుమ ఇల్లు కలిగియుండుటకును, ఊరి వెలుపల ఉండుటకును గల భేదము.

రెండవ సమాధానము ఆపత్కాలమునకు సంబంధించినది. 2023 ఫిబ్రవరిలో గాబ్రియేలు తుపాను ఆ దేశపు తూర్పు తీరమును తాకినప్పుడు విద్యుత్తు, సెల్‌ఫోను, అంతర్జాల తంతులు ఒక్కుమ్మడి తెగిపోయినవి. గిస్బర్ను వంటి పట్టణములు బయటి ప్రపంచముతో సంబంధము కోల్పోయినవి. అప్పుడు బ్యాటరీతో నడచు రేడియోయే జనులకు దిక్కైనది. టెలివిజను ఆ పనికి రేడియో అంత తగినది కాదు గాని, ఆ యనుభవము సర్వప్రసారములకును ఒక హెచ్చరిక. దేశపు మాట అంతయు ఒకే తంతి మీద నడచునట్లు చేయుట వివేకము కాదు.

గోపురములను తీసివేసిన ప్రతి దేశమును తప్పుచేసినదని కూడ అనరాదు. స్విట్జర్లాండు 2019 జూన్ 3వ తేదీన భూతల టెలివిజను ప్రసారమును ఆపివేసినది. కేబులు, ఉపగ్రహము, అంతర్జాలము ద్వారా ప్రసారము నడపుచున్నది. అయినను అచట జనులలో నూటికి ఒక్కరు కూడ మాటలాడని రోమాన్షు భాషకు సైతము ప్రసారము నిలిచియున్నది. కారణము, ప్రతి కుటుంబమును చెల్లించు ప్రసార రుసుము. 2018 మార్చి 4వ తేదీన ఆ రుసుమును రద్దుచేయవలెనా యని ప్రజలను ఓటు అడుగగా నూటికి 71 మందికి మించి వలదనిరి. అనగా అచట వాహనము మారినది, వాగ్దానము మారలేదు. న్యూజీలాండులో వాగ్దానము ముందే సడలినది, ఆ తరువాత వాహనము మారుచున్నది. ఈ తారతమ్యమే ఈ విమర్శకు కీలకము. గోపురము పూజింపదగిన విగ్రహము కాదు. గోపురము వెనుక నున్న ప్రజాసమ్మతియే అసలైన ఆస్తి.

6. మనకు వర్తించునది

తరంగమునకు రాష్ట్రపు పొలిమేరలు తెలియవు. 1938లో ప్రారంభమైన మద్రాసు రేడియో కేంద్రము తెలుగువారిని కూడ తన శ్రోతలుగ భావించెను. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రము మొదలైన పిదప ఆ వాణి సరిహద్దు అవతల నున్న తెలుగు ఇండ్లకును వెళ్లెను. ఎవరును టికెట్టు అడుగలేదు. ఎవరి మాతృభాష ఏదని లెక్క వ్రాసికొనలేదు. నేడును దూరదర్శను ఉచిత ఉపగ్రహ ప్రసారములో సప్తగిరి, యాదగిరి చానళ్లు నెలసరి చందా లేకుండ దేశమున ఏ మూలనైనను అందుచున్నవి. ఒరిస్సాలోని పల్లెలోనైనను, మహారాష్ట్రలోని పేటలోనైనను, ఒక చిన్న పళ్లెము యాంటెనా చాలును.

రాష్ట్రేతర ప్రాంతములలో తెలుగు చెప్పు ఉపాధ్యాయులందరకు అనుభవమైన విషయమొకటి కలదు. ఇంటిలో తెలుగు వార్తయో, హరికథయో, సినిమా పాటయో వినబడుచుండిన బిడ్డకు బడిలో వాచకము పరాయిగ తోచదు. ఆ బిడ్డ వానిని కోరి విన్నది కాదు. వంటింటిలో తల్లియు, అరుగు మీద తాతయు వినుచుండగా చెవిని పడినవి. నేటి బిడ్డ చేతిలోని ఫోను మొదట ఏ భాషలో తెరచిరో ఆ భాషలోనే ఎల్లప్పుడును తెరచుకొనును. అది అరవము కావచ్చును, కన్నడము కావచ్చును, ఒడియా, మరాఠీ, ఆంగ్లము కావచ్చును. తెలుగు కావలెనన్న అడుగవలెను. అడుగవలెనన్న కోరిక ఎచటి నుండి పుట్టును? ముందు ఎచటనో వినిన చెవికే ఆ కోరిక పుట్టును. వెదకినవానికే దొరకు ఏర్పాటులో, వెదకవలెనను బుద్ధిని పుట్టించు ఏర్పాటునకు తావు లేదు. న్యూజీలాండు మావోరీలకు ఎదురైన చిక్కు ఇదియే. మనకును ఎదురగుచున్నది ఇదియే.

మన స్థితికిని వారి స్థితికిని భేదము లేదని నా యభిప్రాయము కాదు. మావోరీకి వెలుపల వేరొక స్వదేశము లేదు. అది ఆ నేల మీద నశించినచో లోకముననే నశించును. తెలుగునకు కోట్ల జనులున్న రెండు రాష్ట్రములు వెనుక నిలిచియున్నవి. అందువలన మనకు ఆపద తక్కువ. కాని ఆపద తక్కువ యను ధైర్యమే అజాగ్రత్తకు హేతువగుచున్నది. తెలుగు నిలిచియుండుట వేరు, హోసూరులోనో బళ్లారిలోనో బరంపురములోనో ఒక ఇంటి తెలుగు నిలిచియుండుట వేరు.

7. ఉపసంహారము

న్యూజీలాండు అనుభవము నుండి గ్రహింపదగిన నిర్ణయములను సంగ్రహముగ చెప్పెదను. ప్రజాసేవా ప్రసారమును ప్రకటన ధనమునకు మాత్రమే కట్టివేయరాదు; దానికి ఏటేట మారని ప్రజాధనము ఆధారముగ నుండవలెను. వాహనము మారునప్పుడు వాగ్దానమును ముందుగ చట్టములో వ్రాసికొనవలెను. అంతర్జాల తెరల మీద స్వదేశ చానళ్లకును, చిన్న భాషల చానళ్లకును మొదటి వరుసలో స్థానము విధింపవలెను. వృద్ధుల వాక్కులు, జానపదుల పాటలు భద్రపరచిన నిధులు చానలు మూతపడినను పాఠశాలలకు అందుబాటులో నుండవలెను. తరంగ ప్రసారమును ఆపుటకు ముందు, దానిని విడిచిపోలేనివారెవరో, వృద్ధులెందరో, కొండ పల్లెలలోనివారెందరో లెక్కించి, వారికి మార్గము చూపవలెను.

ఏరు దాటిన పిదప తెప్ప తగులబెట్టుట కృతఘ్నతయని మన పెద్దలు చెప్పిరి. ఇచట అంతకంటె తొందరపాటు జరుగుచున్నది. సగము జనము ఇంకను ఈవలి గట్టుననే యుండగా తెప్పను అమ్మకమునకు పెట్టుచున్నారు. ఆవలి గట్టు చేరినవారిలో చదువుకొన్నవారు, ధనవంతులు, పెద్ద భాషలవారు ముందున్నారు. చిన్న భాషలు మాటలాడువారు, వయసు మీరినవారు, వెదకుట తెలియని పసిబిడ్డలు వెనుకబడియున్నారు. వారి పక్షమున లెక్క అడుగుట ఆయా దేశముల ప్రజల ధర్మము. ఆ లెక్కను మన భాష విషయమున అడుగవలసినవారు ఇట్టి సంఘములలో కూడిన మనమే.